ముల్లు ఆగనివ్వు బాబూ

(రాజోలు దీవిలోని ఒక పల్లె క్రైస్తవ సంఘంలో, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాల కూటాల చివరి వారంలో ఒక సంఘ పెద్ద చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ ప్రభువు పేరట వందనాలండి. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. నరసాపురం రేవుకు ఐదున్నరకే వచ్చేశాను. ఇంకో రెండు కార్లు ఎక్కితే గానీ ఏరు దాటించే పంటు కదలదన్నాడు పంటువాడు. అవతల సఖినేటిపల్లి లైట్లు కనబడుతూనే ఉన్నాయి, మేం మాత్రం ఒడ్డునే ఉన్నాం. ఇదేదో ప్రసంగంలో వాడుకోవచ్చని ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ మీరు రోజూ ఎక్కి దిగే పంటు గురించి మీకు నేను చెప్పేదేముంది! (నవ్వులు)

నేను పాస్టర్ని కాదండి. ధాన్యం కమీషన్ కొట్లో గుమాస్తాగా చేసినవాణ్ని. కాటా దగ్గర నా పని. ఆదివారం సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ని. ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకే వారంలో ఎలా చేశాడనేదే ఈ రాత్రి నేను చెప్పబోయేది.

మీ పాస్టరు అయ్యగారు నాకిచ్చిన అంశం పశ్చాత్తాపం. కూటాల్లో ఈ అంశం ఎప్పుడూ ఆఖరి రోజుకే వస్తుంది, గమనించారా? వాయిద్యాలు మెల్లగా వాయిస్తుంటారు, లైట్లు తగ్గిస్తారు, అందరం ఏడుస్తాం. నేనూ ఏడ్చాను, చాలాసార్లు ఏడ్చాను. ఆ సోమవారమే మళ్లీ కాటా దగ్గరకెళ్లాను. అందుకే ఈ రాత్రికి వాయించే తమ్ముళ్లను కాస్త విశ్రాంతి తీసుకోమన్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. పశ్చాత్ అంటే తర్వాత. తాపం అంటే మంట. పని కాస్తా అయిపోయాక లోపల పుట్టే మంట. మంచి మాటే, ఆ మంట పుట్టని మనిషితో ఏం మాట్లాడగలం! కానీ మన పాత తెలుగు బైబిల్లో మత్తయి మూడో అధ్యాయం తియ్యండి. బాప్తిస్మమిచ్చు యోహాను అరణ్యంలో కేక వేస్తున్నాడు. అక్కడున్నది పశ్చాత్తాపం కాదు, మారుమనస్సు. అదే మత్తయి ఇరవై ఏడో అధ్యాయం, మూడో వచనానికి రండి. అక్కడ ‘పశ్చాత్తాపపడి’ అని ఉంది. ఎవరి గురించి? ప్రభువును పట్టిచ్చిన యూదా ఇస్కరియోతు గురించి! మనవాళ్లు ఊరికే అలా అనువదించలేదు. గ్రీకులోనే అవి రెండూ వేరు మాటలు. యోహాను దగ్గర ఉన్నది మెటనోయియా, యూదా దగ్గర మత్తయి వాడింది మెటమెలోమై. పాత నిబంధన ప్రవక్తలైతే ఇంత దూరం కూడా పోరు. హెబ్రీలో వాళ్ల మాట షూబ్. తిరుగు, తిరిగి రా, అంతే. పొరుగూరు వెళ్లినవాడు ఇంటికి తిరిగొచ్చాడనడానికీ అదే మాట.

సరే, యూదాను చూడండి. మనం మన సంఘంలో తప్పు చేసినవాణ్ని ఏమేం చెయ్యమంటాం? బాధపడమంటాం. యూదా బాధపడ్డాడు. నోటితో ఒప్పుకోమంటాం. ఒప్పుకున్నాడు, నిరపరాధిని అప్పగించి పాపం చేశానని పైకే అన్నాడు. తీసుకున్నది తిరిగివ్వమంటాం. ముప్పై వెండి నాణేలూ తెచ్చి దేవాలయంలో పారేశాడు, ఒక్కటి కూడా ఉంచుకోలేదు. ఇంత చేసినవాడికి మనమైతే వచ్చే ఆదివారమే సాక్ష్యం చెప్పడానికి మైకు ఇచ్చేస్తాం. మరి ఎక్కడ తేడా వచ్చిందండి?

నేను దీని గురించి చాలా ఏళ్లు ఆలోచించాను. నాకు తోచింది చెప్తాను, తప్పైతే అయ్యగారు దిద్దుతారు. యూదా తిరిగి వెళ్లాడు, కానీ ఎవరి దగ్గరికి? ప్రధాన యాజకుల దగ్గరికి. తనతో బేరమాడినవాళ్ల దగ్గరికే. వాళ్లేమన్నారు? దాంతో మాకేం పని, నువ్వే చూసుకో అన్నారు. తప్పులో వాటా ఉన్నవాడి దగ్గరకెళ్లి బాధ చెప్పుకుంటే వచ్చే జవాబు ఎప్పుడూ అదే. ఎవరికి ద్రోహం చేశాడో ఆయన దగ్గరికి యూదా వెళ్లలేదు. ఆ రాత్రే ఇంకో శిష్యుడు పేతురు కూడా తప్పు చేశాడు కదా. యూదా అప్పగించాడు, పేతురు ఆయనెవరో తెలియదన్నాడు. మూడుసార్లు, ఒట్టు పెట్టుకుని మరీ. ఇద్దరి పాపాల్నీ కాటా మీద పెడితే ఎటు మొగ్గుతుందో నేను చెప్పలేను. పేతురూ వెక్కివెక్కి ఏడ్చాడు. కానీ పేతురు తిరిగి ఆయన దగ్గరికే వచ్చాడు.

యోహాను సువార్త ఇరవై ఒకటో అధ్యాయం. రాత్రంతా వల వేశారు, ఏమీ పడలేదు. తెల్లారగట్ల ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు. ఇది మన ఏటి ఒడ్డున ఉన్నవాళ్లకి బొమ్మ గీసి చూపించక్కర్లేదు. ఆయన ప్రభువని తెలియగానే పేతురు నీళ్లలో దూకేశాడు. పడవ వచ్చేదాకా ఆగలేదు. చేపలు నూటయాభై మూడు పడ్డాయని లెక్కతో సహా రాశాడు సువార్త రాసిన యోహాను. కాటా మనిషిని గనక నాకా వచనమంటే ఇష్టం. ఒడ్డుకొచ్చి చూస్తే బొగ్గుల నిప్పులు, దాని మీద చేప. గ్రీకులో ఆ బొగ్గుల మంటకున్న మాట కొత్త నిబంధన మొత్తంలో రెండే రెండుచోట్ల వస్తుందట. ఒకటి ఇక్కడ. రెండోది ప్రధాన యాజకుడి ముంగిట్లో, పేతురు చలి కాచుకుంటూ ‘నేనెరగను’ అన్నచోట. ఆ వాసన, ఆ సెగ, ఆ మంట. మళ్లీ దాని దగ్గరే కూచోబెట్టాడు ప్రభువు. కూచోబెట్టి ముందు టిఫిను పెట్టాడు. ఇది మర్చిపోకండి, మనం గద్దింపు ముందు పెట్టి అన్నం తర్వాత పెడతాం. తిన్నాక అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. ఎన్నిసార్లు? మూడుసార్లు. మూడోసారికి పేతురుకి బాధేసింది. పోనీలే అయిపోయిందేదో అయిపోయింది అని ఆయన అనొచ్చు కదా! అనలేదు. ఎన్నిసార్లు కాదన్నాడో అన్నిసార్లూ చెప్పించుకున్నాడు. ప్రతిసారీ, నా గొర్రెల్ని మేపు అని పని అప్పజెప్పాడు.

ఇప్పుడు నా సంగతికొస్తాను.

1996 తుఫానుకు రెండేళ్ల ముందు, దాళ్వా కోతలు, అంటే రెండో పంట. అప్పట్లో ఎలక్ట్రానిక్ కాటాలు లేవు, ముల్లు కాటా. డెబ్బై ఐదు కిలోల బస్తా. బస్తా కాటా మీద పెట్టగానే ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. అది ఆగాక చదివితే ఒక లెక్క, ఆగకముందే ‘డెబ్బై ఐదూ’ అని కేక వేస్తే ఇంకో లెక్క. గోనె బరువని కొంత, తేమ తరుగని కొంత, అవి పైకి చెప్పి తీసేవి. నా కేకలో పోయేది ఎవరికీ చెప్పనిది. బస్తాకి కిలోన్నర. కుర్రాణ్ని, గొంతు బాగుండేది, వేగంగా అరిచేవాణ్ని. షావుకారు చెప్పాడు, నేను చేశాను. ఈ మాట నేను చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఏదెనులో ఆదాము కూడా ఇదే చెప్పాడు, నీవిచ్చిన స్త్రీ ఇచ్చిందీ, నేను తిన్నాను అని. దేవుడు ఆ మాట పట్టించుకున్నట్టు లేదు.

ఒక కౌలు రైతు. రెండెకరాలు. అరవై బస్తాలు తూశాను. ముప్పయ్యో బస్తా దగ్గరో ఎక్కడో ఆయన అన్నాడు, ‘ముల్లు ఆగనివ్వు బాబూ.’ అంతే. గొడవ పెట్టుకోలేదు, అరవలేదు. బాబూ అన్నాడు. నేను నవ్వేసి, ఆగిందిగా అన్నాను. తర్వాతి బస్తా పెట్టించాను. ఇన్ని వందలమంది ధాన్యం తూశాను, ఎవరి ముఖమూ గుర్తులేదు. ఆ గొంతు మాత్రం పోలేదు. ఆ ఆదివారం నేను పిల్లలకి చెప్పిన పాఠం, అన్యాయంగా గుంజుకున్నది తిరిగిస్తానన్న పన్నుల అధికారి జక్కయ్య కథ అని చెప్తే బాగుంటుంది గానీ అది అబద్ధం, ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

2016 దాళ్వాకి రండి. నేను కొట్టు మానేసి చాలా ఏళ్లయింది. మావాడు ధాన్యం అమ్మడానికెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. తేమ పదిహేడు శాతం దాటకూడదు. కుర్రాడు మిషను పెట్టి పంతొమ్మిది అన్నాడు. తరుగు తీస్తానన్నాడు. మూడు రోజులు ఎండబెట్టిన ధాన్యమండి! అక్కడే ఆ కుర్రాణ్ని చెడామడా తిట్టాను. రైతు కడుపు కొడతార్రా, దేవుడు చూడడా అని. ఇంటికొచ్చి భోజనం దగ్గర కూడా అదే అరుపు. మా ఆవిడ చారు పోస్తూ, తల కూడా ఎత్తకుండా అడిగింది: ‘మీరు చెయ్యలేదా?’

ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను చంపించిన దావీదు రాజు దగ్గరికి ప్రవక్త నాతాను వచ్చింది గుర్తుందా, రెండో సమూయేలు పన్నెండు. ధనవంతుడు, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్ల. కథ వింటూ దావీదుకి ఎక్కడలేని కోపం వచ్చింది. వాడు చావాల్సిందే, నాలుగింతలు ఇవ్వాల్సిందే అన్నాడు. అప్పుడు నాతాను, ఆ మనిషివి నువ్వే అన్నాడు. మన తప్పు ఎదుటివాడి మీద కనబడితే మనకెంత న్యాయబుద్ధి పుట్టుకొస్తుందో చూడండి. రాజుగారికి ప్రవక్త వచ్చాడు. నాకు వంటింట్లోంచి వచ్చింది.

ఆ రాత్రి కాగితం తీసుకుని కూచున్నాను. అరవై బస్తాలు, బస్తాకి కిలోన్నర, తొంభై కిలోలు. లేవీయకాండం ఆరో అధ్యాయం, సంఖ్యాకాండం ఐదో అధ్యాయం చూశాను. తనంతట తాను ఒప్పుకున్నవాడు అసలు ఇచ్చి, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. తొంభైకి పద్దెనిమిది, నూట ఎనిమిది కిలోలు. ఆ ఏడు సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 1,410 రూపాయలు. 1,522 రూపాయల 80 పైసలు వచ్చింది. ఓహో పర్వాలేదు అనిపించింది. మా ఆవిడ పక్కనే ఉంది. ‘జక్కయ్య ఎంతిచ్చాడు?’ అంది. నాలుగింతలు. నిర్గమకాండం ఇరవై రెండులో గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడికి ఉన్న జరిమానా అది. చూశారా, జక్కయ్యకి ఐదో వంతుతో బయటపడే వీలుంది, తనంతట తనే ఒప్పుకుంటున్నాడు గనక. ఆయన ఆ వీలు వాడుకోలేదు. దొంగకి పెట్టిన చట్టం తనకి తనే పెట్టుకున్నాడు. పన్నుల కార్యాలయంలో లెక్కలు చూసుకున్నవాడు, ఏ సెక్షను కింద ఎంత కట్టాలో ఆయనకి తెలియదంటారా! సగం ఆస్తి బీదలకిస్తానన్నాడు కూడా. ఆ సగం ఎందుకంటే, ఎవరి దగ్గర ఎంత లాక్కున్నాడో పేర్లు గుర్తులేనివాళ్లు ఎందరో ఉండి ఉంటారు, వాళ్ల వాటా అని నా ఊహ. లూకా అలా రాయలేదు, కాటా దగ్గర చేసినవాడి ఊహ అంతే.

తొంభైకి నాలుగింతలు, 360 కిలోలు. 5,076 రూపాయలు. ఐదువేల వంద కవర్లో పెట్టుకుని వెళ్లాను.

ఆ కౌలు రైతు లేడు. చనిపోయి ఆరేళ్లయిందట. ఆయన భార్య ఉంది, డెబ్బై దాటిన మనిషి. చూరు కింద కూచుని కొబ్బరీనెలు చీలుస్తోంది. వాళ్లు మన విశ్వాసులు కారు. నేనెవరో చెప్పాను. కాసేపు చూసి, ‘కాటా దగ్గర అరిచేవోడివి నువ్వేనా?’ అంది. నేనేనక్కా అన్నాను. జరిగింది చెప్పి కవరు చేతికివ్వబోయాను. ఆవిడ తీసుకోలేదు. ఈనెలు పక్కన పెట్టి, ‘అరవై తూశావు కదా’ అంది. ఇరవై రెండేళ్ల తర్వాత, అరవై అని ఆవిడే చెప్పింది!

కళ్లంలో ఆవిడ కుంచంతో కొలిచి, అరవై ఒక్క బస్తా దాటుతుందని మొగుడికి చెప్పిందట. కాటాకి అరవై వచ్చింది. కౌలు బస్తాల్లెక్కన కట్టాలి, ఒక బస్తా అంటే ఒక బస్తా. ఆయన కాటా మనిషిని అనుమానించలేదు, అడిగితే ఆగిందన్నాడు కదా. పెళ్లాన్ని అడిగాడు, ఒక బస్తా ఏం చేశావని. మీ తమ్ముడికి పంపావా అన్నాడు. ఆ మాట తమ్ముడి చెవిన పడింది. పౌరుషం గలవాడు. అక్క గడప తొక్కడం మానేశాడు. పండక్కి చీర తెచ్చేవాడు, ఆగిపోయాడు. బావ పోయినప్పుడు కూడా శ్మశానం దగ్గర నుంచే వెళ్లిపోయాడట.

అయ్యా, నేను నా జీవితమంతా ఆ తప్పుని తొంభై కిలోలనుకున్నాను.

ఆవిడ లోపలికెళ్లి సెల్‌ఫోను తెచ్చింది. నంబరు నొక్కి నా చేతికిచ్చింది. ‘వాడితో చెప్పు’ అంది. నేను ఆవిడకి చెప్పుకుని తేలిక పడదామని వెళ్లాను, తెలియని మనిషితో ఫోన్లో చెప్పాల్సి వస్తుందనుకోలేదు. చెప్పాను. కాటా గురించి, ముల్లు గురించి, బస్తా ఎవరూ తియ్యలేదనీ నేనే తీశాననీ. అవతల చాలాసేపు ఏమీ లేదు. కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత, ‘అక్కకివ్వండి’ అన్నాడు. ఇచ్చేశాను. ఆవిడ ఫోను చెవికి పెట్టుకుని దొడ్లోకి వెళ్లిపోయింది. నేను కవరు అరుగు మీద పెట్టి, పైన కత్తి బరువుంచి వచ్చేశాను.

దేవుడు నన్ను క్షమించాడండి, ఆ నమ్మకం నాకుంది. ఎప్పుడో క్షమించాడు. అయితే ఆ క్షమాపణ వెనకాల నేను ఇరవై రెండేళ్లు దాక్కున్నాను. మనవాళ్లు యాభై ఒకటో కీర్తన చెప్తారు, ‘నీకు కేవలము నీకే విరోధముగా’ అని దావీదు అన్నాడు కదా, ఇక మనుషులతో పనేంటి అంటారు. ఊరియా అప్పటికే చచ్చిపోయాడు బాబూ, దావీదు వెళ్దామన్నా వెళ్లడానికి మనిషి లేడు. పోనీ దేవుడు ఊరియాని మర్చిపోయాడా? మత్తయి మొదటి అధ్యాయం చదవండి, ప్రభువు వంశావళి. దావీదు సొలొమోనును కన్నాడు అని రాస్తూ తల్లి పేరు బత్షెబ అని రాయలేదు, ఊరియా భార్య అని రాశారు. దావీదు పాపం పరిహారమైంది, కీర్తన మనం పాడుకుంటున్నాం. ఊరియా పేరు మాత్రం రక్షకుడి వంశవృక్షంలోంచి చెరగలేదు.

లూకా మూడో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి జనం వచ్చి, మేమేం చెయ్యాలి అని అడిగారు. ఆయన ఎవరినీ ఏడవమనలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి. పన్నులు తీసుకునే సుంకరులు, నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చెయ్యొద్దు. సిపాయిలు బెదిరించి గుంజుకోవద్దు, జీతంతో సరిపెట్టుకోవాలి. ఎవరి వృత్తికి తగ్గ మాట వాళ్లకి చెప్పాడు. ఆయనే ఇవాళ మన ఏటిగట్టు మీద నిలబడితే? రొయ్యల చెరువు వాళ్లకి, ఆ ఉప్పునీళ్లు పక్కవాడి వరి చేలోకి వదలొద్దు అంటాడు. కువైట్‌కీ మస్కట్‌కీ ఆడపిల్లల్ని పంపే ఏజెంటుకి, ఇంటిపని అని చెప్పి ఏ పనికి పంపావో సరిగ్గా చెప్పు అంటాడు. సంఘ పెద్దలకి, చందా పుస్తకం తెరిచి పెట్టు అంటాడు. ఎవరూ నవ్వట్లేదేంటి? (నవ్వులు)

ఇంకొకటి చెప్పి తీరాలి. తాగొచ్చి భార్యను కొట్టి, ఆదివారం ముందు వరసలో మోకాళ్ల మీద ఏడ్చేవాడు మన ప్రతి సంఘంలో ఉన్నాడు. వాడి కన్నీళ్లు చూసి మనం ఆవిణ్ని ఒత్తిడి చేస్తాం, క్షమించమ్మా, డెబ్బై ఏడు మార్లు అని. ఆవిణ్ని తొందరపెట్టకండి. నాకు చెప్పండి, పేతురుని మూడుసార్లు అడిగే హక్కు ఎవరికుంది? కాదనిపించుకున్నవాడికి ఉంది. మనకి లేదు. వాడు నిజంగా తిరిగాడో లేదో ఆవిడ ఒంటికి తెలుస్తుంది, మనకి తెలియదు. ఆవిడ పుట్టింట్లో ఉంటానంటే ఉండనివ్వండి, పోలీసు స్టేషనుకి వెళ్తానంటే తోడు వెళ్లండి.

రెండోవైపు కూడా ఉందండి. నిజంగా తిరిగి వచ్చినవాణ్ని మనం ఎక్కడ కూచోబెడుతున్నాం? మార్కును చూడండి. అపొస్తలుల కార్యములు పదమూడు. సువార్త చెప్పడానికి పౌలుతో, బర్నబాతో బయల్దేరాడు. పంఫూలియాలో పెర్గే దాకా వచ్చి, వాళ్లను వదిలేసి యెరూషలేముకు వెళ్లిపోయాడు. ఎందుకో రాయలేదు. కుర్రాడు, భయపడ్డాడో, ఇల్లు గుర్తొచ్చిందో. పదిహేనో అధ్యాయంలో మళ్లీ తీసుకెళ్దామని బర్నబా అన్నాడు, కుదరదన్నాడు పౌలు. పెద్ద గొడవై ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కుని వెంటబెట్టుకుని కుప్రకు ఓడెక్కేశాడు. ఆ ఓడలో ఏం మాట్లాడుకున్నారో మనకి తెలియదు. కానీ పౌలు చెరలో కూచుని, పోవడానికి సిద్ధంగా ఉండి తిమోతికి రాసిన ఉత్తరంలో ఏముంది? మార్కును వెంటబెట్టుకుని రా, పరిచర్యకు అతను నాకు పనికొస్తాడు అని ఉంది. ఒకప్పుడు పనికిరాడన్న మనిషే. ఇక్కడ పౌలు కూడా మారాడు, అది మనం చూడం. మార్కు తిరిగొచ్చాడనే చెప్తాం. పెద్దవాళ్లు తమ తీర్పు మార్చుకోవడం కూడా మారుమనస్సే కదండీ! మన ఊళ్లల్లో ఎవరైనా ఒకసారి జారితే ఆ పేరు మనవల దాకా అంటుకుంటుంది. తాగుడు మాని పదిహేనేళ్లయినవాణ్ని ఇంకా తాగుబోతు ఫలానా అనే పిలుస్తాం, గుర్తుపట్టడానికి అంటాం. రెండో కొరింథీ రెండో అధ్యాయంలో పౌలు భయం అదే. శిక్ష చాలు, ఇక ఆదరించండి, లేకపోతే అతను దుఃఖంలో మునిగిపోతాడు అన్నాడు.

ఇది ఒక్కరోజు పని కాదు. సంస్కర్త మార్టిన్ లూథరు 1517 అక్టోబరు 31న బయటపెట్టిన తొంభై ఐదు వాదాల్లో మొదటిదే ఇది, విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా ఉండాలని ప్రభువు ఉద్దేశం అని. ప్రతి అక్టోబరు ఆఖర్న ఆ సంస్కరణ పండగ చేసుకునే సంఘాలు మన జిల్లాల్లో ఎన్ని లేవు! ఆ మొదటి వాక్యం ఎంతమందికి గుర్తుంది?

మన డెల్టాలో ఇది అర్థం కావడం తేలికండి. ఇంకో వారం పది రోజుల్లో కాలువలు కట్టేస్తారు కదా. కాలువను ఏరు దాటించే గన్నవరం అక్విడక్టు మీద నుంచి నీళ్లు ఆగిపోతాయి. మంచినీళ్ల చెరువులు ముందే నింపుకుంటాం. నాలుగు రోజులకి కాలువ అడుగు బయటపడుతుంది. ఏడాదంతా గుర్రపుడెక్క కింద ఏముందో అప్పుడు చూస్తాం. సీసాలు, పరుపులు, చెప్పులు, ఎవరిదో సైకిలు. పైనుంచి కొట్టుకొచ్చినవి తక్కువ, మన రేవులో మనం పారేసినవే ఎక్కువ. పూడిక తీసి లాకు తలుపులు బాగుచేసి మళ్లీ నీళ్లు వదులుతారు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి వెళ్లిపోయాడు, ఇక మీ పని అయిపోయింది అని ఎవరైనా అన్నారా? ఏటా కట్టెయ్యాలి, ఏటా తియ్యాలి. లేకపోతే ఆఖరి చేలకి నీళ్లెక్కవు. ఈ నలభై దినాలూ మనకి కాలువ కట్టేసినట్టే. కట్టేసి, అడుగు చూసి, అబ్బో ఎంత చెత్త అని ఏడ్చి, పూడిక తియ్యకుండానే నీళ్లు వదిలేస్తున్నామేమో అని నా బెంగ.

నా లెక్క ఇంకా తేలలేదు, అది కూడా చెప్పేస్తాను. గుర్తున్న పేర్లు పదకొండు రాసుకున్నాను. ఏడుగురి ఇళ్లకు వెళ్లాను. ఒకాయన మొహం మీదే తలుపేశాడు, అది ఆయన హక్కు. ఒకాయన నవ్వి, మేమూ బస్తాలో తాలు కలిపేవాళ్లంలే అన్నాడు. ఇంకా నలుగురున్నారు.

ఆ కౌలు రైతు భార్య సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన దాళ్వాకి వాళ్లబ్బాయి ఫోను చేశాడు. ధాన్యం తూస్తున్నారు, అమ్మ మిమ్మల్ని రమ్మంటోంది అన్నాడు. భయపడుతూనే వెళ్లాను. కళ్లంలో కుర్చీ వేయించుకుని కూచుంది, ఒళ్లో పిల్లల నోటు పుస్తకం. పక్కన ఇంకో మనిషి ఉన్నాడు, నెరిసిన మీసం. తమ్ముడని ఎవరూ నాకు చెప్పలేదు, ముక్కు చూస్తే తెలుస్తోంది. నాకూ ఒక పుస్తకం ఇచ్చి, కాటా పక్కన నిలబడి రాయి అంది. ఇప్పుడన్నీ అంకెల కాటాలు, ముల్లు లేదు. అయినా ప్రతి బస్తాకీ ఆ కుర్రాడితో అంటూనే ఉంది, ‘అంకె ఆగనివ్వు బాబూ’ అని. మధ్యాహ్నానికి తూకం అయింది. నా పుస్తకంలో నలభై ఏడు, ఆవిడ పుస్తకంలో నలభై ఎనిమిది. బస్తాలు మళ్లీ లెక్కపెట్టించింది. నలభై ఎనిమిదే. తమ్ముడి వైపు తిరిగి, నన్ను చూపించి అంది, ‘చూశావురా, ఈయనకి ఎప్పుడూ ఒకటి తక్కువే వస్తది.’

(నవ్వులు) అయ్యగారూ, మీరు ప్రార్థన చెయ్యండి. నాకు పంటు వేళవుతోంది.